ఇంట్లో ఇద్దరు ముగ్గురు తూలి నడుస్తుంటే: నీళ్ల వల్లనా, కల్లు వల్లనా, వంశంలోదా తేల్చే పద్ధతి

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి నడక తూలుతుంటే నల్లగొండ, పాలమూరు వైపు ముందుగా వినపడే మాట ‘నరాల బలహీనత’. ఆ మాట మీదే బీ కాంప్లెక్స్ సూదులు ఏళ్ల తరబడి నడుస్తాయి, జబ్బు పేరు మాత్రం తేలదు. ఇంకొందరు మొదటి నెలలోనే వేలకు వేలు పెట్టి జన్యు పరీక్ష చేయిస్తారు. ‘ఏమీ దొరకలేదు’ అని రిపోర్టు వస్తే ఇక చేసేదేమీ లేదని ఊరుకుంటారు. రెండు చోట్లా తప్పింది వరస. ముందు వంశవృక్షం రాయాలి. తర్వాత ఒంటిని పరీక్షించాలి. ఆ తర్వాత మందుతో లొంగే కారణాలను ఒక్కొక్కటిగా ఏరేయాలి. జన్యువు సంగతి ఆఖరున. రోగి కుటుంబానికైనా, ఆశా కార్యకర్తకైనా, పీహెచ్‌సీ డాక్టరుకైనా, ఈ జబ్బుల మీద పరిశోధన చేయాలనుకునే కుర్ర న్యూరాలజిస్టుకైనా వరస ఇదే.

తల తిరగడం వేరు, తూలడం వేరు

పక్కమీద అటునుంచి ఇటు తిరిగినప్పుడో, పైన సామాను అందుకోవడానికి తల ఎత్తినప్పుడో ఇల్లంతా గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతే, అది చాలావరకు లోపలి చెవిలో రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చే బీపీపీవీ. ఇది ఈ వ్యాసంలో చెప్పే వంశపు జబ్బుల్లోది కాదు. డిక్స్-హాల్‌పైక్ పరీక్షతో గుర్తుపట్టి, ఎప్లీ పద్ధతిలో తలను వరసగా తిప్పి చాలామందికి ఆ పూటే తగ్గించవచ్చు. ఉన్నట్టుండి తూలుడు మొదలై, మాట ముద్దయి, మూతి వంకరపోతే పక్షవాతం అనుకుని వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుంది.

ఇక్కడ చెప్పేది నెలలు, ఏళ్ల మీద మెల్లగా పెరిగే తూలుడు గురించి. దానికి లోపం మూడు చోట్ల ఉండవచ్చు. చిన్నమెదడు దెబ్బతింటే కళ్లు తెరిచినా మూసినా ఒకేలా తూలుతారు, కాళ్లు ఎడంగా వేస్తారు, మాట సాగుతుంది. చుక్క కూడా ముట్టని మనిషిని ‘తాగి తిరుగుతున్నాడు’ అని ఊరు అనేది వీళ్లనే. కాళ్ల నుంచి కబురు మోసే నరాలు దెబ్బతింటే పగలు బాగానే నడిచి చీకటి పడగానే తడబడతారు. తలమీద నీళ్లు పోసుకుంటూ కళ్లు మూసిన క్షణాన పడిపోతారు, కాలి చెప్పు ఎక్కడ జారిందో కూడా తెలియదు. రెండు చెవుల్లోని తూకపు అవయవాలూ పని మానేస్తే నడుస్తున్నప్పుడు ఎదురుగా ఉన్న బోర్డు మీది అక్షరాలు ఎగిరెగిరి పడతాయి, ఆగితే నిలకడగా కనిపిస్తాయి. ఒకే మనిషిలో రెండు, ఒక్కోసారి మూడూ కలిసి ఉంటాయి. అందుకే ‘ఎప్పుడు తూలుతారు, ఎక్కడ తూలుతారు’ అన్న ప్రశ్నకు జవాబు తీరిగ్గా వినాలి.

వంశవృక్షం: దీనికి తొందర పనికిరాదు

పెద్ద కాగితం తీసుకోండి. మగవారికి చదరం, ఆడవారికి సున్నా, జబ్బున్నవారికి లోపల నలుపు, చనిపోయినవారికి అడ్డగీత. కనీసం మూడు తరాలు రావాలి. మేనరికానికి జంట గీత గీయాలి, అయితే ‘మేనరికం’ అని రాసి వదిలేస్తే చాలదు. మేనమామ కూతురా, మేనత్త కూతురా, సొంత అక్క బిడ్డా అన్నది రాయాలి. అక్క బిడ్డను చేసుకుంటే పుట్టే పిల్లల్లో సగటున ఎనిమిదో వంతు జన్యువుల్లో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వస్తాయి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే అది పదహారో వంతు. ఒక్క ప్రతి చెడితే బయటపడక, రెండూ చెడితేనే వచ్చే జబ్బులకు ఈ తేడా చాలా ముఖ్యం.

‘మీ ఇంట్లో ఎవరికైనా జబ్బుందా?’ అని అడిగితే ‘లేదు’ అనే జవాబే వస్తుంది. దాచడం కంటే, పెద్దవాళ్లకు అది జబ్బుగా తోచకపోవడమే ఇందుకు ఎక్కువ కారణం. అడగాల్సిన తీరు వేరు. తాత ఎన్నో ఏట కర్ర పట్టాడు? అవ్వ పొలం గెట్టు మీద నడవడం ఎప్పుడు మానుకుంది? ఎవరైనా బాయిలో పడ్డారా? నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని నడవలేనని ఎవరన్నా అన్నారా? మాట తేడా వచ్చిందని ఫోన్లో గుర్తుపట్టినవాళ్లున్నారా? పెద్దవాళ్లకు సంవత్సరం గుర్తుండదు గనుక సంఘటనకు ముడిపెట్టి అడగాలి: 1969 ఉద్యమానికి ముందా, సాగర్ కాల్వకు నీళ్లొచ్చాకనా, 1983లో రామారావు గెలిచిన ఏడా, 2009లో అలంపురం మునిగిన వరదకు ముందా వెనకా. ఇలా అడిగితే జబ్బు మొదలైన వయసు రెండు మూడేళ్ల తేడాలో దొరుకుతుంది.

ఆ వయసు ఎందుకంత ముఖ్యమంటే, తాతకు అరవైలో, తండ్రికి నలభై అయిదులో, కొడుకుకు ముప్పైలో మొదలైతే ఆ వరసే ఒక ఆధారం. జన్యువులో ఒక చిన్న ముక్క పదే పదే పునరావృతమయ్యే జబ్బుల్లో, ఆ ముక్కల సంఖ్య తరం మారినప్పుడల్లా పెరగవచ్చు. ఎస్‌సీఏ అంటే చిన్నమెదడు మెల్లగా చెడే వంశపు తూలుడు జబ్బులు. చాలా ఎస్‌సీఏ రకాల్లో తండ్రి నుంచి వచ్చినప్పుడు ఎక్కువగా పెరుగుతుంది. సంఖ్య పెరిగిన కొద్దీ జబ్బు ముందే మొదలవుతుంది.

ఎక్కువగా జారిపోయేది వీళ్ల వివరాలే: వేరే ఊరికి ఇచ్చిన ఆడపడుచులు, ముంబయికో పుణెకో కూలికి పోయి అక్కడే ఉండిపోయినవాళ్లు, జబ్బు బయటపడే వయసు రాకముందే చనిపోయినవాళ్లు, దత్తతకు పోయినవాళ్లు, రెండో పెళ్లి పిల్లలు. ఇంట్లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ఒకే మనిషి చెట్టులో రెండుసార్లు పడతాడు. రెండు పేర్లూ పక్కపక్కన రాసుకోండి.

ఈ మాటలు అరుగు మీద నలుగురిలో అడిగేవి కావు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే జబ్బు మాట బయటికి పొక్కడం వాళ్లకు నిజమైన నష్టం. ఆడవారిని విడిగా అడగండి. కాగితం మీద పేర్లకు బదులు అంకెలు వేసి, పేర్ల జాబితా వేరే చోట దాచండి.

కోడలికి వచ్చిందా, ఆడపడుచుకు వచ్చిందా

ఒకే ఇంట్లో చాలామందికి వచ్చిందంటే రక్తంలోనిదే కావాలని లేదు. ఒకే బోరు నీళ్లు తాగిన ఇంటికీ అలాగే వస్తుంది. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో వెన్నెముక ఎముకలు మందమై, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు (ఎముకలను కలిపే పట్టీలు) గట్టిపడి, లోపలి వెన్నుపామును నొక్కుతాయి. కాళ్లు బిగుసుకుపోయి నడక చెడుతుంది. ఈ ప్రాంతపు ఫ్లోరోసిస్ నరాల జబ్బుల మీద హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి చేసిన పని ఇప్పటికీ చదవదగ్గది.

ఇక్కడే వంశవృక్షం అక్కరకొస్తుంది. బయటి ఊరి నుంచి వచ్చిన, రక్తసంబంధం లేని కోడలికి కూడా ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత అదే నడక వస్తే నీళ్లను అనుమానించండి. చిన్నప్పుడే వేరే జిల్లాకు ఇచ్చిన ఆడపడుచుకు అక్కడ, ఆ నీళ్ల మీద ఉండి కూడా వస్తే వంశాన్ని అనుమానించండి. దీనికి రెండు చోట్ల జాగ్రత్త కావాలి. కోడలు మేనరికమైతే ఈ లెక్క చెల్లదు. ఆడపడుచును మర్రిగూడ నుంచి నాంపల్లికి ఇచ్చినా చెల్లదు, అక్కడి నీళ్లూ అవే.

ఒంటి మీద గుర్తులు: గడ్డం ఛాతీకి ఆనించలేరు, మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు తాకలేరు, రెండు చేతులూ తల వెనక కట్టలేరు. సుత్తితో తడితే మోకాలు గట్టిగా ఎగురుతుంది, పాదాన్ని పైకి నెట్టి పట్టుకుంటే గబగబా కొట్టుకుంటుంది. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి ముళ్లలా కనిపిస్తే ఫ్లోరోసిస్‌కు బలమైన సాక్ష్యం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటకూడదు. ఇవ్వాళ మిషన్ భగీరథ నీళ్లు తాగుతున్నా ఎముకల్లో చేరినది అంత తొందరగా పోదు కాబట్టి, ఇప్పుడు కాదు, ఇరవై ఏళ్ల కింద ఏ నీళ్లు తాగారో అడగాలి. వెన్నుపాము నొక్కుకుపోతున్నట్టు ఎంఆర్‌ఐలో తేలితే ఆలస్యం చేయకుండా న్యూరోసర్జన్‌ను కలవాలి. ఒకే మనిషికి ఫ్లోరోసిస్‌తో పాటు వంశపు జబ్బు కూడా ఉండవచ్చు. ఎక్స్‌రే తేల్చేసిందని మిగతా పరీక్ష ఆపకండి.

కల్లు సంగతి కూడా సూటిగా అడగాలి. చెట్టు నుంచి దించిన కల్లు కాకుండా, ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు తాగితే మాట ముద్దవుతుంది, నడక తూలుతుంది, మరుపు వస్తుంది. ఒకే దుకాణానికి వెళ్లే అన్నదమ్ములిద్దరూ ఒకేలా కనిపిస్తారు. పొద్దున కంటే సాయంత్రం ఎక్కువై, నాలుగు రోజులు ఊళ్లో లేనప్పుడు తేడా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. మూత్రంలో బెంజోడయాజిపైన్ పరీక్ష అడగండి. ముఖ్యమైన మాట: ఇలాంటి కల్లును ఒక్కరోజులో మాన్పించకూడదు. ఫిట్స్, పిచ్చిచూపులు, వణుకు వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. ఆస్పత్రిలో చేర్చి మందును మెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి.

ఇంట్లో చూసుకోగల పరీక్షలు, వీడియో

హైదరాబాద్ ఓపీలో డాక్టరు చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. ఇంటి దగ్గర తీసిన మంచి వీడియో ఒకటి ఫోనులో ఉంటే ఆ నిమిషాలకు విలువ పెరుగుతుంది. ఫోను నడుము ఎత్తులో, అడ్డంగా, మూడు మీటర్ల దూరంలో పట్టుకోండి. చీర కుచ్చిళ్లు, లుంగీ పిక్కల పైకి ఎత్తి కట్టించండి, పాదాలు కనపడకపోతే వీడియో ఉండీ లేనట్టే. చెప్పులు విప్పించండి. మొదట తేదీ నోటితో చెప్పించండి, అది మాటతీరుకు కూడా రికార్డు.

అయిదు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి రావాలి. తూలుడు ఎక్కువగా బయటపడేది తిరిగే దగ్గరే. తర్వాత మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు. పక్కన మనిషి నిలబడాలి, పట్టుకోకూడదు. తర్వాత పాదాలు దగ్గరగా చేర్చి 30 సెకన్లు కళ్లు తెరిచి, 30 సెకన్లు మూసి నిలబడాలి. ఇది రాంబర్గ్ పరీక్ష. వెనక ఒకరు చేతులు చాచి సిద్ధంగా ఉండకుండా దీన్ని చేయించవద్దు. కళ్లు తెరిచినంతసేపూ నిలబడి, మూయగానే ఒరిగితే నరాల వైపో చెవి వైపో లోపం. తెరిచి ఉన్నప్పుడే పాదాలు చేర్చి నిలబడలేకపోతే చిన్నమెదడు వైపు చూడాలి.

కూర్చోబెట్టి, వేలితో తన ముక్కును, ఎదుటివారి వేలిని మార్చి మార్చి తాకించండి. తొడ మీద అరచేతిని అటూ ఇటూ పదిసార్లు వేగంగా తిప్పించండి. వరస తప్పడం, ఒక్కో దెబ్బ ఒక్కో బలంతో పడడం గమనించాలి. ‘పటక పటక’ అని ఆగకుండా పది సెకన్లు అనిపించండి. ఆఖరున కళ్లు: రెండు బొటనవేళ్లు అడుగున్నర ఎడంగా పట్టి, తల కదపకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి చూపు మార్చమనండి. మామూలు కన్ను రెప్పపాటులో దూకుతుంది. కొందరిలో కనుగుడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా పాకుతూ పోతుంది, దాన్ని కదిలించడానికి వాళ్లు రెప్ప వేస్తారు, తల తిప్పుతారు. ఆ మెల్లని చూపు ఒక్కటే ఎస్‌సీఏ2 అనే రకం వైపు బలంగా చూపిస్తుంది. బొంబాయి న్యూరాలజిస్టు ఎన్.హెచ్. వాడియా, స్వామితో కలిసి తొమ్మిది కుటుంబాల్లో ఈ లక్షణాన్ని గుర్తించి 1971లో ప్రచురించారు. అప్పటికి ఆ జన్యువు ఎవరికీ తెలియదు, పరీక్షగా ఉన్నది కుటుంబాల చరిత్ర, కళ్లను శ్రద్ధగా చూడడం.

పాదాల ఫోటో పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తీయండి. పాదం కింద ఎత్తయిన వంపు, ముడుచుకున్న వేళ్లు, సన్నబడ్డ పిక్కలు ఉంటే షార్కో-మారీ-టూత్ అనే వంశపు నరాల జబ్బు మదిలో ఉండాలి. 1886లో పారిస్‌లో షార్కో, మారీ, ఇంగ్లండ్‌లో టూత్ వేర్వేరుగా వర్ణించారు కాబట్టి ముగ్గురి పేర్లూ నిలిచాయి. అయితే చర్మం మీద స్పర్శలేని మచ్చలుండి, నరాలు మందంగా చేతికి తగిలితే ముందు కుష్ఠు కాదని తేల్చుకోవాలి. దానికి పీహెచ్‌సీలో ఉచితంగా మందులున్నాయి.

డాక్టరు చేయాల్సిన పరీక్షల్లో రెండు తరచూ ఎగిరిపోతాయి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ బొటనవేలి మీద, చీలమండ మీద పెట్టి కంపనం తెలుస్తోందా అని అడగడం మొదటిది. తలను చటుక్కున పది ఇరవై డిగ్రీలు తిప్పి, చూపు ముక్కు మీద నిలిచిందా లేదా చూసే హెడ్ ఇంపల్స్ పరీక్ష రెండోది. ఈ రెండోదాన్ని ఫ్లోరోసిస్‌తో మెడ బిగిసినవారికి చేయకూడదు. మెడ దగ్గరే వెన్నుపాము ఇరుకై ఉంటుంది, కుదుపుతో ముప్పు.

మందుతో లొంగేవాటిని ముందు ఏరాలి

బీ12 పరీక్షకు రక్తాన్ని, బీ12 సూది వేయించుకోకముందే ఇవ్వాలి. ఊళ్లో రెండు బీ12 సూదులు పడ్డాక రక్తంలో అంకె బాగానే కనిపిస్తుంది, అసలు లోటు ఉందా అన్నది తెలుసుకోవడం కష్టమవుతుంది. అప్పటికే పడి ఉంటే ఏ తేదీన, ఎన్ని అన్నది చీటీ మీద రాసి చూపించండి. దానితో పాటు థైరాయిడ్, షుగర్, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు. ఫిట్స్ కోసం ఫెనిటాయిన్ వాడుతున్నవారికి మందు మోతాదు మించినా కనుగుడ్లు అదిరి నడక తూలుతుంది. రక్తంలో మందు స్థాయి చూస్తే తెలుస్తుంది.

చిన్న వయసులో, మేనరికపు ఇంట్లో మొదలైతే విటమిన్ ఇ స్థాయి తప్పకుండా చూడాలి. టీటీపీఏ జన్యువు చెడితే తిన్న విటమిన్ ఇ ఒంట్లో నిలవదు, చూడ్డానికి అచ్చం ఫ్రీడ్రిక్ అటాక్సియా అనే వంశపు తూలుడు జబ్బులాగే ఉంటుంది. తేడా ఏమిటంటే దీనికి మందుంది: పెద్దలకు రోజుకు 800 మి.గ్రా., ఒక్కోసారి అంతకు మించి విటమిన్ ఇ, కొవ్వున్న భోజనంతో, జీవితాంతం. తొందరగా మొదలుపెడితే జబ్బు అక్కడే ఆగుతుంది, ఆలస్యమైతే పోయింది పూర్తిగా తిరిగి రాదు. ఇలాగే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు సెరులోప్లాస్మిన్ పరీక్ష చేయించి, కంటి డాక్టరు చేత నల్లగుడ్డు అంచున రాగి రంగు వలయం ఉందా చూపించాలి. చిన్నప్పటి నుంచి విరేచనాలు, కుర్రతనంలోనే కంటిశుక్లం, మడమ వెనక స్నాయువు మీద గడ్డలు ఉంటే సీటీఎక్స్ అనే, ఒంట్లో కొవ్వు పదార్థాలు పేరుకునే వంశపు జబ్బు. దానికి కీనోడీఆక్సీకోలిక్ యాసిడ్ ఉంది. గంటల పాటు వచ్చి పోయే తూలుడైతే ఎపిసోడిక్ అటాక్సియా 2, అది చాలామందిలో అసిటజోలమైడ్‌కు లొంగుతుంది. ఇవి అరుదైన జబ్బులే. అయినా మందున్న జబ్బు ఒక్కటి చేజారినా ఆ ఇంటికి జరిగే నష్టం పూడ్చలేనిది.

జన్యు పరీక్ష: ఏది అడగాలో తెలిసి అడగండి

ఎక్సోమ్ పరీక్షలో జన్యువులన్నీ చదివేస్తారని ల్యాబు చెబుతుంది. వంశపారంపర్యంగా తూలే జబ్బుల్లో తరచుగా కనిపించేవి మాత్రం ముక్కల పునరావృతం వల్ల వచ్చేవి. వాటిని మామూలు ఎక్సోమ్ నమ్మకంగా పట్టలేదు. కాబట్టి ఎక్సోమ్ నార్మల్ అని వస్తే ఆ జబ్బులు లేవని అర్థం కాదు, వాటిని అసలు చూడలేదని అర్థం.

ప్రతి తరంలోనూ ఒకరికి వచ్చి, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ముందు ఎస్‌సీఏ 1, 2, 3, 6, 7, 12 రకాల పునరావృత పరీక్ష అడగండి. మనదేశంలో 1, 2 రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. 12వ రకం ఉత్తరాది అగర్వాల్ కుటుంబాల్లో ఎక్కువ, అందులో చేతివణుకు ముందొస్తుంది. రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ అన్న మాటతో ఊరుకోకుండా పునరావృతాల సంఖ్య రాయించుకోండి.

తల్లిదండ్రులు బాగుండి, మేనరికమై, పాతికేళ్లలోపు మొదలై, చీలమండ దగ్గర సుత్తి తడితే స్పందన లేకపోతే ఫ్రీడ్రిక్ అటాక్సియా ముందు చూడాలి. హైడెల్‌బర్గ్‌లో నికోలాస్ ఫ్రీడ్రిక్ దీన్ని 1863లో వర్ణించారు, జన్యువు 1996లో దొరికింది. ఎఫ్‌ఎక్స్‌ఎన్ జన్యువులో జీఏఏ ముక్క మామూలుగా 33 లోపు, జబ్బులో సుమారు 66 నుంచి వెయ్యి దాటే వరకూ ఉంటుంది. తేలిన రోజే ఈసీజీ, ఎకో, షుగర్ పరీక్ష చేయించాలి, గుండె కండరం దెబ్బతినడమే ఇందులో ప్రాణాపాయం. ఒమావెలాక్సొలోన్ అనే మందును 2023లో అమెరికా 16 ఏళ్లు దాటినవారికి అనుమతించింది. ఫ్రీడ్రిక్ కాదని తేలాకే ఎక్సోమ్.

యాభై దాటాక మొదలై, అంతకు ముందు ఏళ్ల తరబడి కారణం తెలియని పొడి దగ్గు ఉండి, కాళ్లు మొద్దుబారి, హెడ్ ఇంపల్స్ పరీక్ష రెండు వైపులా చెడితే ఆర్‌ఎఫ్‌సీ1 జన్యువు అడగండి. చిన్నమెదడు, నరాలు, లోపలి చెవి మూడూ చెడే కాన్వాస్ అనే జబ్బు ఇది, కారణం 2019లోనే తెలిసింది. దగ్గును తూలుడుతో కలిపి అడగనంతవరకు రోగి చెప్పరు.

పాదాల వంపు, పిక్కల సన్నదనం ఉన్న ఇంట్లో ముందు నరాల వేగం పరీక్ష. ముంజేతిలోని మీడియన్ నరంలో వేగం సెకనుకు 38 మీటర్ల లోపైతే నరం మీది పొర చెడిన రకం. అప్పుడు మొదట చూడాల్సింది 17వ క్రోమోజోమ్ మీది పీఎంపీ22 జన్యువు అదనపు ప్రతి, దానికి ఎంఎల్‌పీఏ అనే పరీక్ష. ఏసీ గదిలో చేతులు చల్లబడితే వేగం ఒక్కో డిగ్రీకి సుమారు రెండు మీటర్లు పడిపోతుంది. చేతి చర్మం 32 డిగ్రీలకు తగ్గకుండా వేడి చేశాకే కొలవాలి. లేకపోతే 40 ఉన్నది 36గా కనిపించి దారి తప్పిస్తుంది. ఈ జబ్బున్నవారికి ఎప్పుడైనా కేన్సర్ చికిత్స అవసరమైతే విన్‌క్రిస్టిన్ ఇవ్వకూడదని ఫైలు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయించండి.

జాతీయ అరుదైన జబ్బుల విధానం 2021 కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ), నిమ్స్ కలిసి ఎక్సలెన్స్ కేంద్రంగా ఉన్నాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల నుంచి రెఫరల్ చీటీతో పాటు వంశవృక్షం, వీడియో, పాత రిపోర్టులు తీసుకునే వెళ్లండి.

జబ్బు లేని పిల్లలకు, పెద్దయ్యాక వచ్చే, మందులేని జబ్బు కోసం 18 ఏళ్ల లోపు పరీక్ష చేయించవద్దు. తెలుసుకోవాలా వద్దా అన్న నిర్ణయం పెద్దయ్యాక ఆ పిల్లలదే. గర్భంలో తేల్చుకోవాలంటే ముందు ఇంట్లో జబ్బున్న మనిషిలో మార్పు ఏదో తెలిసి ఉండాలి. అప్పుడు 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి నమూనా తీసి చూడవచ్చు. గర్భం వచ్చాక పరుగెత్తితే సమయం చాలదు.

ఈ జిల్లాల్లో ఉండి పరిశోధన చేయాలనుకునేవారికి

ఈ రంగంలో పరిశోధన ఖరీదైన యంత్రంతో మొదలు కాదు. ఒకే కొలతతో, ఒకే కుటుంబాన్ని, ఏళ్ల తరబడి చూడడంతో మొదలవుతుంది. ఆ కొలత, తూలుడు ఎంత ఉందో మార్కులు వేసే సారా స్కేలు: నడక 8, నిలబడడం 6, కూర్చోవడం 4, మాట 6, చేతుల మూడు పరీక్షలు, మడమ-మోకాలు పరీక్ష తలా 4, మొత్తం 40. ప్రతి ఏడూ అదే నెలలో, అదే గదిలో, వీలైతే అదే డాక్టరు వేయాలి. కల్లు తాగి వచ్చిన రోజు వేసిన మార్కు పనికిరాదు, ఇంకో రోజు రమ్మనాలి.

రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో 3 నుంచి 5 మి.లీ. తీయాలి. మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి, గట్టిగా ఊపకూడదు. గొట్టం మీద పేరుకు బదులు వంశవృక్షంలోని అంకె, తేదీ రాయాలి. ల్యాబుకు చేరేదాకా ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం బస్సు డిక్కీలో పెట్టి పంపితే డీఎన్‌ఏ దెబ్బతింటుంది. జబ్బున్నవారితో పాటు బాగున్న పెద్దవాళ్ల రక్తం కూడా అడిగి తీసుకోవాలి. కొత్త జన్యువు కనిపెట్టేటప్పుడు, జబ్బు లేని డెబ్బయ్యేళ్ల మేనత్త నమూనా జబ్బున్నవారి నమూనాలతో సమానమైన సాక్ష్యం.

నమూనా తీసే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తెలుగులో రాసిన సమ్మతి పత్రం ఉండాలి. డీఎన్‌ఏలో ఎవరి బిడ్డ ఎవరు అన్నది కూడా బయటపడవచ్చు, ఆ సంగతి ఎవరికీ చెప్పబోమని ముందే రాయాలి. ఫలితం వస్తే తిరిగి చెబుతామో లేదో ముందే చెప్పి, ఆ మాటకు కట్టుబడాలి. రక్తం తీసుకుని మళ్లీ ఆ ఊరి మొహం చూడని పరిశోధకుడి తర్వాత వచ్చేవారికి ఆ ఇంటి తలుపు తెరుచుకోదు.

పేరు తేలేదాకా, తేలాక

వ్యాయామం మందు దొరకనివారికి ఇచ్చే ఓదార్పు అనుకోవద్దు. వారానికి మూడుసార్లు, గంట చొప్పున నాలుగు వారాలు తూకం, సమన్వయం మీద సాధన చేయించిన జర్మన్ అధ్యయనంలో చిన్నమెదడు జబ్బున్నవారి సారా మార్కు మెరుగుపడిందని 2009లో ప్రచురితమైంది. మానేస్తే లాభం కరిగిపోతుంది, ఇంట్లో కొనసాగించాలి. రెండు గోడలు కలిసే మూలలో వీపు మూలకు పెట్టి, ముందు బరువైన కుర్చీ వేసుకుని నిలబడాలి. ఎటు ఒరిగినా ఆసరా దొరుకుతుంది. పాదాలు మెల్లగా దగ్గరికి చేర్చడం, ఒక కాలు ముందుకు పెట్టడం, తల అటూ ఇటూ తిప్పడం, ఆఖరుకు కళ్లు మూయడం, ఈ వరసలో కష్టం పెంచాలి.

స్నానం స్టూలు మీద కూర్చునే చేయాలి. రాత్రిపూట కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి పొలానికి ఒంటరిగా పోవద్దు, గోడ లేని బాయి పక్క దారి మార్చండి. నీళ్లు తాగితే పొలమారుతుంటే చిక్కటి అంబలి, గటక లాంటివి సులువుగా దిగుతాయి. నిటారుగా కూర్చుని, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న గుటకలు. స్పర్శ లేని పాదాలను రోజూ రాత్రి అద్దంతో చూసుకోవాలి, చలిమంట దగ్గర కాళ్లు చాచకూడదు, వట్టికాళ్లతో పొలంలోకి దిగకూడదు. పాదం వేలాడుతుంటే చీలమండను నిలిపి ఉంచే ఏఎఫ్‌ఓ పట్టీ కొలతలిచ్చి చేయించుకోండి, అది కాలి కొలతకే సరిపోవాలి, ఎవరిదో పాతది వద్దు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాలిక నరాల జబ్బులు విడిగా ఉన్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే చట్టం ప్రకారం లబ్ధికి అర్హత. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే శిబిరానికి సారా మార్కు, న్యూరాలజిస్టు రాసిన జబ్బు పేరు, ఇంటి దగ్గర తీసిన వీడియో తీసుకెళ్లండి. కూర్చున్న మనిషి చేతులు కాళ్లు బలంగానే కనిపిస్తాయి కాబట్టి, నడిపించి చూడమని అడగండి.

ప్రతి ఏడూ వీడియో మళ్లీ తీయండి, వంశవృక్షంలో కొత్తగా పుట్టినవాళ్లను, పెళ్లయినవాళ్లను చేర్చండి. దాని ప్రతులు రెండు ఉండాలి: ఒకటి రోగి ఫైలులో, రెండోది వేరే ఊరికి ఇచ్చిన ఆడపడుచు దగ్గర.